వేళ్ళతో చూసే గ్రాఫిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

చూపు లేనివాళ్ళ కోసం తాకి చూసే బొమ్మలు తయారుచేయడం నా పని, కాగితం మీదా, పిన్నులు పైకి లేచి బొమ్మ కట్టే కంప్యూటర్ పలకల (పిన్నుల డిస్‌ప్లేల) మీదా. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత వరసపెట్టి ప్రశ్నలు మొదలుపెడతారు. దాదాపు ఎప్పుడూ అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు చూపుంది. నేను చేసిన ప్రతి బొమ్మనీ చివర్లో తడిమి, పనికొస్తుందో లేదో తేల్చేది మా టీమ్‌లోని ఒక సహోద్యోగి, ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. కింద రాసినవాటిలో పనికొచ్చే సంగతులు చాలావరకు ఆయన చేత చీవాట్లు తిని నేర్చుకున్నవే.

స్క్రీన్ రీడర్ ఉంది కదా, మళ్ళీ ఈ పరికరాలెందుకు?

స్క్రీన్ రీడర్ తెర మీద ఉన్న రాతని చదివి వినిపిస్తుంది, లేదా బ్రెయిలీ లైనుగా మార్చి వేలి కిందకి తెస్తుంది. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి "గ్రాఫిక్" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్ళిపోతుంది. ఎవరైనా ఓపిక చేసుకుని వర్ణన రాసి ఉంటే అది చదువుతుంది, అంతే. లంబకోణ త్రిభుజమైతే మాటల్లో చెప్పేయొచ్చు. కానీ ఒక సర్క్యూటు, ఒక మెట్రో మ్యాపు, ఒకదాన్నొకటి రెండుచోట్ల దాటుకునే మూడు వక్రరేఖలు, ఇలాంటివి మాటల్లో చెప్పడం మొదలుపెట్టి చూడండి, వినేవాడికి చివరికొచ్చేసరికి మొదలు మరుపు. మాట ఒకదాని వెనక ఒకటిగా నడుస్తుంది, బొమ్మ నాలుగు వైపులా పరుచుకుని ఉంటుంది. ఆ పరుచుకున్న తీరు తెలియాలంటే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు ఏఐ బొమ్మ చూసి చెప్పేస్తోంది కదా?

చెప్తోంది, ఫొటోల విషయంలో నిజంగా బాగా చెప్తోంది. పెళ్ళి ఫొటోలో ఎవరెక్కడ నిలబడ్డారో తెలుసుకోవడానికి పిన్నుల డిస్‌ప్లే అక్కర్లేదు. కానీ వర్ణన అంటే ఇంకొకరు చూసి ఇంకొకరు ఏరిన సంగతులు. ఒక విద్యార్థిని "ఈ రెండు గీతల్లో ఏది ముందు పైకి లేచింది?" అని పరీక్షలో అడిగారనుకోండి, వర్ణన అదే చెప్పేస్తే ప్రశ్నకి అర్థం లేదు, చెప్పకపోతే జవాబుకి దారి లేదు. పైగా ఏఐ చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకోవాలన్నా బొమ్మ చేతికి అందాలి. రెండూ ఉంటే మంచిది, ఒకటి ఉంది కదా అని రెండోది ఎగ్గొట్టడమే నాకు నచ్చనిది.

సరే, పిన్నుల డిస్‌ప్లే ఎలా పనిచేస్తుంది?

ఒక పలక మీద వరసల్లో సన్నటి పిన్నులు ఉంటాయని ఊహించుకోండి. కంప్యూటర్ చెప్పినవి పైకి లేస్తాయి, మిగతావి కిందే ఉంటాయి. లేచిన పిన్ను ఎత్తు దాదాపు అర మిల్లీమీటరు, బ్రెయిలీ చుక్కంత. ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు, అది కూడా బ్రెయిలీ అక్షరంలో చుక్కల మధ్య ఉండే దూరమే.

పిన్నుని లేపడానికి రకరకాల పద్ధతులున్నాయి. పాతకాలం నుంచీ ఉన్నది పియెజో పద్ధతి: ఒక సన్నటి పట్టీకి సుమారు 200 వోల్టులు ఇస్తే అది వంగి పిన్నుని పైకి తోస్తుంది. వోల్టు సంఖ్య చూసి టెన్షన్ పడకండి, కరెంటు చాలా స్వల్పం, వేలికి తగలదు. ఒక్క లైను బ్రెయిలీ డిస్‌ప్లేలు ఎక్కువగా దీంతోనే నడుస్తాయి. కొత్తగా వస్తున్న వాటిలో చిన్న విద్యుదయస్కాంతాలు వాడేవి ఉన్నాయి, కొరియాలో తయారయ్యే డాట్ ప్యాడ్ అలాంటిదే.

ఎన్ని పిన్నులుంటాయి?

డాట్ ప్యాడ్‌లో బొమ్మ కోసం 60 నిలువు వరసలు, 40 అడ్డ వరసలు, మొత్తం 2400. అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ది బ్లైండ్ వాళ్ళ మోనార్క్‌లో 96కి 40, అంటే 3840. మోనార్క్‌లో పిన్నులన్నీ సమాన దూరంలో ఉంటాయి కాబట్టి అదే పలక మీద పది లైన్ల బ్రెయిలీ కూడా చదువుకోవచ్చు, కావాలంటే బొమ్మా వేసుకోవచ్చు. జర్మనీలో చేసిన హైపర్‌బ్రెయిలీ అన్నిటికన్నా ఉదారం, 120కి 60, మొత్తం 7200 పిన్నులు, చెయ్యి ఎక్కడుందో కూడా దానికి తెలుస్తుంది. ఆర్బిట్ రీసెర్చ్ వాళ్ళ గ్రాఫిటీలో 2400 పిన్నులే ఉన్నా ఒక్కో పిన్నూ వేర్వేరు ఎత్తుల్లో ఆగగలదు, అందువల్ల కొండ మ్యాపులో వాలు వాలుగానే తెలుస్తుంది.

ఇప్పుడు మీ జేబులోని ఫోన్ లెక్క చూడండి. 1080కి 2400 పిక్సెళ్ళ తెర అంటే దాదాపు 26 లక్షల చుక్కలు. ఇటు మహా అయితే 7200. ఇక్కడే జనానికి ఉత్సాహం సగం చల్లారుతుంది.

మరి పిన్నులు పెంచేస్తే సరిపోదా?

పలక పెద్దది చేస్తే కొంత లాభమే, కానీ పిన్నుల్ని ఒక హద్దు దాటి దగ్గర దగ్గరగా ఇరికించినంత మాత్రాన పెద్ద ప్రయోజనం లేదు. ఎందుకంటే ఆ హద్దు వేలిలోనే ఉంది. వేలిని కదపకుండా పెడితే, సుమారు ఒక మిల్లీమీటరు కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతల్ని విడివిడిగా పట్టుకోవడం కష్టం. అదే వేలు కదిలిస్తే మాత్రం కథ మారిపోతుంది. స్వీడన్ పరిశోధకులు 2013లో ముడతలు పెట్టిన ఉపరితలాల మీద జనం చేత వేలు నడిపించి చూస్తే, కేవలం 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలకీ నున్నటి తలానికీ తేడా కనిపెట్టారు. గరుకుదనం విషయంలో వేలు మహా ఘనం, ఆకారం విషయంలో మందకొడి. ఈ రెండు గుణాలనీ గుర్తుపెట్టుకుని గీసినవాడి బొమ్మ చేతికి అందుతుంది, కంటికి బాగుందని గీసినవాడిది అందదు.

ఏ ఫొటో అయినా పిన్నుల మీదకి పంపొచ్చా?

పంపొచ్చు. ఏమీ అర్థం కాదు.

పని మొదలుపెట్టిన కొత్తలో నేను అదే చేశాను. ఒక పిల్లి ఫొటో తీసుకుని, నలుపు తెలుపు చేసి, అంచులు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి, 60కి 40కి కుదించి పంపాను. తెర మీద చూస్తే నాకు ముచ్చటగా పిల్లిలాగే ఉంది. మా సహోద్యోగి రెండు చేతులూ పెట్టి, ఒకసారి పైనుంచి కిందకి, ఒకసారి అడ్డంగా తడిమి, "ఇసుక పోసినట్టుందండీ, ఇందులో బొమ్మ ఎక్కడుంది?" అన్నారు. వెనకున్న తివాచీ డిజైను, పిల్లి నీడ, మీసాలు, అన్నీ ఒకే ఎత్తులో లేచిన చుక్కలే. కన్ను అందులోంచి పిల్లిని ఏరుకుంటుంది, ఎందుకంటే దానికి పిల్లి ముందే తెలుసు, మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. వేలికి ఆ వెసులుబాటు లేదు. తర్వాత నేపథ్యం తీసేసి, పక్కనుంచి చూసిన ఆకారం ఒక్కటే ఉంచి, రెండు చెవులు, తోక స్పష్టంగా పడేలా పన్నెండు గీతలతో మళ్ళీ గీశాను. ఈసారి మూడు సెకన్లలో "తోక పైకెత్తిన పిల్లి" అన్నారు.

వేళ్ళతో గ్రాఫు ఎలా చదువుతారు? కొంచెం వివరంగా చెప్పండి.

దగ్గర కూర్చుని చూస్తే తెలిసేది ఇది. ముందు రెండు అరచేతులూ పలకంతా ఒకసారి తుడిచినట్టు వెళ్తాయి, ఎక్కడ నిండుగా ఉంది, ఎక్కడ ఖాళీ అని. తర్వాత ఎడమ చూపుడువేలు రెండు అక్షాలు కలిసే మూల దగ్గర ఆగి అక్కడే ఉండిపోతుంది, మేకు కొట్టినట్టు. కుడి చూపుడువేలు గీత పట్టుకుని బయల్దేరుతుంది. గీత ఎక్కుతున్నంతసేపూ వేగంగానే పోతుంది, శిఖరం దగ్గర, గీత వంగే చోట, వేలు ఆగి రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, నిజంగా అదే కొసా, ఇంకా పైకుందా అని. అదే అని తేలాక ఎడమచెయ్యి మూల వదిలి నిలువు అక్షం మీద పాకి, కుడిచేతికి సమాన ఎత్తులోకి వచ్చి అక్కడి అంకె చదువుతుంది. ఆపైన కుడిచెయ్యి నిట్టనిలువుగా కిందకి దిగి అడ్డ అక్షం మీద నెల పేరో వారం పేరో పట్టుకుంటుంది. అలవాటున్నవాళ్ళకి ఇదంతా పది పదిహేను సెకన్ల పని.

ఇందులో పెద్ద అడ్డంకి ఏమిటో తెలుసా, గ్రిడ్ గీతలు. అంకె చదవడానికి అవి కావాలి, గీత వెంట నడవడానికి అవి కాళ్ళకి అడ్డం పడే తీగల్లాంటివి. కాగితం మీదైతే ఏదో ఒకటి ఎంచుకోవాలి. పిన్నుల డిస్‌ప్లే మీద ఒక మీట నొక్కి గ్రిడ్‌ని తీసేయొచ్చు, మళ్ళీ తెచ్చుకోవచ్చు. నన్నడిగితే ఈ పరికరాల అసలు గొప్పతనం ఇలాంటి చిన్న సౌకర్యాల్లోనే ఉంది.

ముక్క ముక్కగా తడిమితే మొత్తం ఎలా తెలుస్తుంది? అంధగజ న్యాయం అంటారు కదా?

ఆ కథ మీద నాకు చాలాకాలంగా కోపం. ఏనుగుని తడిమినవాళ్ళ తప్పు తడమడం కాదు, ఒక్కొక్కరూ ఒక్కోచోట చెయ్యి పెట్టి అక్కడే ఆగిపోవడం. ఇంకో రెండడుగులు వేసి ఉంటే ఏనుగు మొత్తం తెలిసేది. స్పర్శలో మొత్తం అనేది వెంటనే రాదు, కూడబెట్టుకోవాలి, అందుకు జ్ఞాపకం మీద బరువు పడుతుంది. ఆ బరువు తగ్గించడానికి రెండు చేతులూ పట్టే పలక కావాలి, ఒక చెయ్యి గుర్తుగా ఉంటే రెండోది తిరుగుతుంది. మౌస్ మీద చిన్న పిన్నుల గడి పెట్టిన పరికరాలు ఒకప్పుడు వచ్చాయి. వీటీప్లేయర్ అనే మౌస్‌లో 4కి 4 పిన్నుల గడులు రెండుండేవి. మౌస్ కదిపితే దాని కిందున్న చిత్రం ముక్క వేలికి తెలుస్తుంది. తెలివైన ఆలోచనే గానీ కిటికీ మరీ చిన్నది, తాళం కన్నంలోంచి ఊరు చూసినట్టు ఉంటుంది.

ఇదంతా కొత్తగా వచ్చిందా?

అబ్బే. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ లిన్‌విల్ కూతురు క్యాండీకి చూపు లేదు. ఆమె మామూలు పుస్తకాలు చదువుకోవాలని ఆయన, జేమ్స్ బ్లిస్‌తో కలిసి ఆప్టకాన్ అనే పరికరం చేశారు, 1971లో అమ్మకానికి వచ్చింది. కుడిచేత్తో చిన్న కెమెరాని అచ్చు లైను వెంట జరుపుతుంటే, ఎడమ చూపుడువేలి కింద 24 వరసల్లో ఆరేసి చొప్పున 144 పిన్నులు అక్షరం ఆకారంలో సెకనుకు 230 సార్లు వణికేవి. అంటే బ్రెయిలీలోకి మార్చడం లేదు, అచ్చు అక్షరం రూపమే వేలికి. నేర్చుకోవడం కష్టం, చదివే వేగం బ్రెయిలీ కన్నా తక్కువ, అయినా గీసిన బొమ్మలూ, గణిత సంకేతాలూ కూడా దాంతో చూసుకోవచ్చు. 1996లో తయారీ ఆగిపోయింది. స్కానరు, మాట్లాడే సాఫ్ట్‌వేర్ వచ్చేశాయి కదా అనుకున్నారు. రాతకి అవి సరిపోయాయి, బొమ్మకి సరిపోలేదు, ఆ ఖాళీ చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

అంతకు ముందే, 1969లో, పాల్ బాకీరీటా అనే శాస్త్రవేత్త పాత డెంటిస్టు కుర్చీ వెనక 400 కంపించే బొడిపెలు బిగించి, కెమెరా బొమ్మని వీపు మీద వేశారు. కూర్చున్నవాళ్ళే కెమెరాని తిప్పుకుంటున్నప్పుడు వస్తువులు గుర్తుపట్టగలిగారు. కెమెరా తమ చేతిలో లేకపోతే వీపు మీద గిలిగింతే మిగిలింది. ఈ ఒక్క సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్ళందరూ గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఆయన దారిలోనే తర్వాత నాలుక మీద పెట్టుకునే బ్రెయిన్‌పోర్ట్ అనే పరికరం వచ్చింది, 400 ఎలక్ట్రోడ్లు, 2015లో అమెరికాలో వైద్య పరికరాల్ని పరిశీలించే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అయితే అది ఎదుటి ప్రపంచాన్ని చూడటానికి, చార్టులు చదవడానికి కాదు.

చెయ్యి పట్టుకుని నడిపించే పరికరాలున్నాయట?

ఉన్నాయి. 1990లలో ఎంఐటీలో థామస్ మాసీ, కెన్నెత్ శాలిస్‌బరీ చేసిన ఫాంటమ్ అందులో పేరున్నది. కీళ్ళున్న ఒక యంత్రపు చేతికి కలం కట్టి ఉంటుంది. దాన్ని గాలిలో కదుపుతుంటే కంప్యూటర్‌లో ఉన్న వస్తువు తగిలినచోట మోటార్లు ఎదురు తోస్తాయి, సెకనుకు సుమారు వెయ్యిసార్లు లెక్కగట్టి మరీ. అంత వేగం లేకపోతే గోడ గోడలా ఉండదు, మెత్తగా జెల్లీలా వణుకుతుంది. త్రీడీ ఆకారాలకి, గీత వెంట వేలిని లాక్కెళ్ళడానికి బాగుంటుంది. లోపం ఏమిటంటే తగిలేది ఒకే బిందువు. శిల్పాన్ని కర్ర కొసతో తడిమి ఎవరిదో చెప్పమన్నట్టు.

ఫోన్ వైబ్రేషన్‌తో పని జరగదా?

కొంతవరకు జరుగుతుంది. వేలు గీత మీద ఉంటే ఫోన్ వణుకుతుంది, తప్పితే ఆగిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే వణికేది ఫోన్ మొత్తం, గీత ఉన్నచోటు కాదు. వేలు గీత తప్పిందని తెలుస్తుంది, గీత ఎటు పోయిందో తెలియదు, కుడికి వెతకాలా ఎడమకి వెతకాలా అని తచ్చాడాలి. గీతలు బాగా మందంగా, తక్కువగా ఉంటే, తోడు శబ్దం కూడా ఉంటే పని నడుస్తుంది. గాజు మీదే గరుకు పుట్టించే ప్రయోగాలూ ఉన్నాయి. డిస్నీ రీసెర్చ్ వాళ్ళు 2010లో చూపించిన టెస్లాటచ్ అలాంటిది, విద్యుత్ ఆకర్షణతో వేలికీ గాజుకీ మధ్య రాపిడి పెంచుతుంది. వేలు కదిలితేనే తెలుస్తుంది, ఆపితే మళ్ళీ నున్నటి గాజే. అంచు మీద వేలు ఆనించి ఆగి ఆలోచించుకునే వీలుండదు.

కాగితం పని అయిపోయినట్టేనా?

కాలేదు, నేను రోజూ వాడేది అదే. ఉబ్బే కాగితం మీద నల్లగా ప్రింటు తీసి వేడి యంత్రంలోంచి పంపితే, నలుపు వేడిని పీల్చుకుని ఆ గీతలు మాత్రమే ఉబ్బుతాయి. కాగితం మీద చుక్కలు పైకి లేచేలా కొట్టే ఎంబాసర్లూ ఉన్నాయి. ఒరెగాన్‌లో భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉన్న జాన్ గార్డ్‌నర్ 1988లో చూపు పోయాక తనకి గ్రాఫులు కావలసి వచ్చి టైగర్ ఎంబాసర్‌కి దారి వేశారు, అది చుక్కల్ని రకరకాల ఎత్తుల్లో కొడుతుంది. కాగితం గీత పిన్నుల గీత కన్నా నున్నగా, వంపు వంపులా ఉంటుంది. పిన్నుల మీద వృత్తం ఎప్పుడూ మెట్లు మెట్లుగానే. కాగితాన్ని టచ్ ప్యాడ్ మీద పరిచి, తాకినచోట పేరు చెప్పించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి, బ్రెయిలీ రానివాళ్ళకి నేను ముందు సూచించేది అదే. కాగితానికి జూమ్ లేదు, మార్పు లేదు, కట్టలు కట్టలు మోయాలి, అక్కడ పిన్నులు గెలుస్తాయి.

పుట్టుకతో చూపు లేనివాళ్ళకి బొమ్మ అంటే అర్థమవుతుందా?

అవుతుంది. టొరంటో యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కెనడీ ఏళ్ళ తరబడి ఇదే చూశారు. వేలికి తెలిసే అంచులు, మూలలు గీతలుగా మారితే వాళ్ళూ గుర్తుపడతారు, తామూ గీస్తారు. టర్కీకి చెందిన ఎష్రెఫ్ అర్మాన్ పుట్టుకతో చూపు లేకుండానే చిత్రకారుడయ్యారు. నేర్పాల్సినవి మాత్రం ఉన్నాయి. బల్లకి నాలుగు కాళ్ళుంటే బొమ్మలో రెండే ఎందుకున్నాయి, దూరమైనది చిన్నదెందుకైంది అనేవి కంటి అలవాట్లు, చేతికి దూరమైనా దగ్గరైనా గిన్నె గిన్నెంతే. అందుకే నేను వస్తువుని పైనుంచో పక్కనుంచో చూసినట్టే గీస్తాను, ఐమూలగా చూసిన బొమ్మ జోలికి పోను.

రంగుల సంగతేమిటి?

రంగు బదులు గీతల తీరు: నిండు గీత, చుక్కల గీత, అడ్డగీతల నింపు. రెండు మూడు దాటితే వేలు కలిపేసుకుంటుంది. ఒకసారి ఆరు ముక్కల పై చార్టుకి (ముక్కలు కోసినట్టుండే గుండ్రటి చార్టు) ఆరు రకాల నింపు వేసి గర్వంగా ఇచ్చాను. "అన్నీ గరుకే" అని జవాబు. బార్ చార్టుగా మార్చాక గొడవ వదిలింది.

వీడియోలు, ఆటలు?

పిన్నులు తమంతట తాము కదులుతుంటే, చదువుతున్న కాగితం చేతి కింద నుంచి లాగేసినట్టుంటుంది. బొమ్మ మారాలంటే మీట నొక్కేది చదివేవాళ్ళే అయుండాలి.

వినికిడి కూడా లేనివాళ్ళకి?

వాళ్ళకి ఇవి మరీ ముఖ్యం. మిగతావాళ్ళకి శబ్దం అనే రెండో దారి ఉంది, వీళ్ళకి బ్రెయిలీ, బొమ్మ రెండూ ఒకే పలక మీద ఉండాలి.

చూపు లేనివాళ్ళే కంప్యూటర్‌లో గీయగలరా?

గీస్తున్నారు. ఎస్‌వీజీ అనే బొమ్మల ఫైలు లోపల అంతా రాతే, "ఇక్కడ నుంచి ఇక్కడికి గీత" అని టైపు చేయొచ్చు. ఓపెన్‌స్కాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే పద్ధతిలో త్రీడీ వస్తువులు రాసి ప్రింటు తీసేవాళ్ళున్నారు. ఇదివరకు రాసినదాన్ని చూసి చెప్పడానికి పక్కన ఒక చూపున్న మనిషి ఉండాల్సి వచ్చేది. పిన్నుల పలక ఉంటే రాసిన మరుక్షణం తామే తాకి చూసుకుని, "గీత మూడు గడులు ఎడమకి జరగాలి" అని తామే దిద్దుకుంటారు. మా సహోద్యోగి మొదటిసారి అలా ఇంటి ప్లాను గీసి, నా గది తలుపు నేను చెప్పినచోట లేదని నాకే తప్పు పట్టారు. కొలిచి చూస్తే ఆయనదే కరెక్టు.

పిన్నుల డిస్‌ప్లేకి ఇంత ఖరీదెందుకు?

తెర మీద లక్షల పిక్సెళ్ళని ఒకేసారి అచ్చేసినట్టు తయారుచేస్తారు. పిన్ను అలా కాదు, ఒక్కోటీ ఒక చిన్న యంత్రం. 2400 పిన్నులంటే 2400 యంత్రాలు. ప్రతిదీ వేలి ఒత్తిడికి దిగిపోకుండా నిలబడాలి, చెమటకీ దుమ్ముకీ ఇరుక్కోకూడదు. కొనేవాళ్ళు తక్కువ కాబట్టి పెద్ద ఎత్తున తయారీ లేదు. అన్నిటికన్నా బాధాకరం, ఒక్క పిన్ను ఇరుక్కున్నా గ్రాఫులో లేని శిఖరం మొలుస్తుంది.

కొనే ముందు ఏం చూడాలి?

వాడబోయే మనిషి చేతిలో పెట్టి చూడాలి, అదే మొదటిది. వాళ్ళ స్క్రీన్ రీడర్‌తో కలుస్తుందా, బొమ్మ మారడానికి ఎంతసేపు, శబ్దం ఎంత, ఇరుక్కున్న పిన్నుని ఎవరు బాగుచేస్తారు, ఇవి అడగండి. పిన్నుల సంఖ్య ఆ తర్వాతే.

నేను రిపోర్టులో చార్టు పెడుతున్నాను, నా వంతు ఏమిటి?

చార్టుని స్క్రీన్‌షాట్‌గా అతికించకండి, ఎస్‌వీజీగా ఇవ్వండి, గీతలకి పేర్లు పెట్టండి. పేర్లు గీతల మీద ఎక్కకుండా కనీసం 3 మిల్లీమీటర్లు ఎడం ఉంచండి. త్రీడీ బార్లు, నీడలు మానేయండి. అన్నిటికన్నా ముందు, అంకెల పట్టికని కూడా పక్కన జతచేయండి. అది లేకపోతే మీ బొమ్మ మీద స్కేలు పెట్టి ఒక్కో బార్ ఎత్తూ కొలిచి, అంకెలు రాబట్టి, మళ్ళీ మొదటి నుంచి గీసే పని నామీద పడుతుంది. ఒక్కో చార్టుకి ఒక పూట.